కంచె వెనక తెల్లమన్ను

మొన్న కార్తీకంలో మనవరాలు దోసిలి నిండా ఉసిరికాయలు తెచ్చి నా ఒళ్ళో పోసింది. "అవ్వా, ఒకటి నమిలి నీళ్ళు తాగు, తమాషా చూపిస్తా" అంది. ఆ తమాషా ఏమిటో దానికంటే నాకే బాగా తెలుసు. అది ఒక కాయ కొరికి, పులుపుకూ వగరుకూ మొహమంతా చిట్లించుకుని, గ్లాసెడు నీళ్ళు గడగడా తాగేసింది. "చక్కెర వేసినట్టున్నాయవ్వా! నువ్వూ తాగు" అని గ్లాసు నా నోటికి ఆనించబోయింది. నేను వద్దన్నాను. పళ్ళు నొప్పి అన్నాను. కట్టుడు పళ్ళకు నొప్పేమిటని అది నడుం మీద చేతులు పెట్టుకుని నా వంక చూసింది.

ఉసిరికాయ తిని నీళ్ళు తాగడం నేను చిన్నప్పుడే మానేశాను. ఎందుకో ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి, మా అవ్వ సంగతి చెప్పాలి, కంచె వెనక తెల్లగా పూసిన మన్ను సంగతి చెప్పాలి. అవి తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు తల వంగిపోతుంది.

మాది గండికోట కొండలు దూరాన నీలంగా కనిపించే నల్లరేగడి ఊరు. ఊళ్ళో బావులకు కొదవలేదు, తాగే నీళ్ళకే కొదవ. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడేవి. చూడ్డానికి ఎంతో తేటగా ఉండేవి. వాటితో కందిబేళ్ళు పొయ్యి మీద పెడితే పొద్దు వాలినా మెత్తబడేవి కావు. సబ్బు రుద్దితే నురగ రాదు సరికదా, విరిగిన పాలలా తెల్లని పలుకులు తేలేవి. తలంటుకుంటే జుట్టు జిగురు పట్టేది. ఆ నీళ్ళు ఎనుములు తాగేవి, మనుషులు అంట్లు తోముకునేవాళ్ళు.

మా మెట్టచేని బావి ఒక్కటే తియ్యనిది. దాన్ని మా తాత తవ్వించాడు. రాయి పడి పని ఆగిపోతే ఊళ్ళో ఆడా మగా వచ్చి తట్టలెత్తారట. నీళ్ళు ఊరిన రోజు తాత అందరి ముందూ బావిలోకి దిగి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, "ఈ నీళ్ళు ముందు ఊరి కడవలకు, మిగిల్తేనే నా చేనికి" అన్నాడట. నేను పుట్టేసరికి తాత లేడు. ఆయన మాట మాత్రం ఇంటి నిండా ఉండేది. అవ్వ దాన్ని రోజుకోసారైనా తలిచేది.

తెల్లవారుతూనే ఊరి ఆడవాళ్ళు కడవలతో వచ్చేవాళ్ళు. వాళ్ళ కడవలు నిండాకే మా నాయన కపిల తోలేవాడు. ఎద్దులు వాలు దిగుతుంటే తోలుబాన పైకొచ్చి, తొండంలోంచి నీళ్ళు తొట్టిలోకి దభీమని దూకేవి. తడిసిన తోలు వాసన, మోకు వాసన, ఎద్దుల పేడ వాసన కలిసి ఆ బావి దగ్గర ఎప్పుడూ ఒక వాసన ఉండేది. ఎద్దులు అలిసేదాకా తోలడం, ఆపడం. మర్నాటికి బావి మళ్ళీ ఊరేది.

మా ఊళ్ళో కొత్తకోడలు కాపురానికొచ్చిన మర్నాడు మొదటి కడవ మా బావిలోనే ముంచాలి. గట్టు మీది రాతికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, గంగమ్మకని చిన్న బెల్లంముక్క నీళ్ళలో వేసి ముంచేది. ఆ బెల్లం ఏమైపోతుందని నేను అవ్వను అడిగేదాన్ని. "యాడికి పోతాది? నీళ్ళల్లోనే ఉంటాది. కండ్లకు కనపడదంతే" అనేది అవ్వ.

ఆ మాటలోని నిజం నాకు ఒక దొంగతనంతో తెలిసొచ్చింది. ఒక మధ్యాహ్నం అమ్మ చేనికి పోయిందనుకుని అటక మీది కుండలోంచి పిడికెడు బెల్లంగడ్డ తీశాను. నోట్లో పెట్టుకునేలోపల గడపలో అమ్మ మెట్టెల చప్పుడు. ఏం చేయాలో తోచక గడ్డను తాగే నీళ్ళ బానలో వేసేశాను. అమ్మ నా చేతులు చూసింది, నోరు చూసింది, పావడా దులిపి చూసింది. ఏమీ దొరకలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. సాయంత్రం అవ్వ బానలో చెంబు ముంచి ఒక గుక్క తాగి, చెంబు కింద పెట్టి, నన్ను పిలిచింది.

"అమ్మీ, దాచిపెడితిననుకుంటివా? బానంతా చెప్తాండాది చూడు."

ఆ బాన ఖాళీ అయ్యేదాకా నేను ఆ నీళ్ళే తాగాలని అమ్మ శిక్ష వేసింది. మొదట అది శిక్షలా లేదు. తర్వాత చీమలు పట్టి, నీళ్ళు పులిసి, ముక్కు మూసుకుని తాగాల్సి వచ్చింది.

మా నాయన పొట్టిగా గట్టిగా ఉండే మనిషి. కుదురుగా కూర్చోవడం చేతకాదు. పక్క ఊళ్ళలో చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, చూసొచ్చి, అవే మాటలు, అవే కలలు. చివరికి మెట్టచేనంతా చీనీ మొక్కలు నాటాడు. నాటిన ఏడాది వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏడూ అంతే. ఎద్దులు ఎంత తోలినా తొట్టి దగ్గరి మొక్కలకే తడి అందేది, అవతలివి వాడిపోయేవి. నాయన పొద్దున లేచి ఒక్కొక్క మొక్క దగ్గరా వంగి ఆకు పట్టుకుని చూసేవాడు, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు.

అప్పుడే ఇంజను వచ్చింది. మా చుట్టుపక్కల అదే మొదటిది. బండిలో వరిగడ్డి పరిచి, తాళ్ళు కట్టి తెచ్చారు. ఊరంతా దాని చుట్టూ మూగింది. అవ్వ దానికి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయ కోసి దిష్టి తీసింది. అది డబడబమంటూ నల్లటి పొగ కక్కి, ఇనప గొట్టంలోంచి నీళ్ళను తొట్టిలోకి కుమ్మరిస్తుంటే ఆడవాళ్ళు కడవలు పట్టుకుని పరుగెత్తారు. "ఏమప్పా, చేంతాడు పట్టే పని లేకుండా చేస్తివే! నీ కడుపు సల్లగుండ" అని ఒక ముసలమ్మ మా నాయన గడ్డం పట్టుకుంది. ఆయన సిగ్గుపడి నవ్వాడు. నాకైతే కాలు నేల మీద నిలవలేదు. ఇంజనును ముట్టుకోవాలంటే నాకు గుప్పెడు ఉడకబెట్టిన వేరుశనగ బుడ్డలు ఇవ్వాలని పిల్లలకు కట్టడి పెట్టాను. డీజిలు వాసన కొట్టే చేతులతోనే ఆ బుడ్డలు వొలుచుకుని తిన్నాను. ఆ ఇంజను తేవడం తప్పని ఆ రోజు మాలో ఎవ్వరికీ తోచలేదు.

ఎద్దులయితే అలిసిపోయేవి. ఇంజను అలవదు. పగలంతా ఆడుతూనే ఉండేది. చీనీ మొక్కలు చిగురు వేశాయి. మా నాయన సంగటి ముద్దలు రెండు ఎక్కువ తింటున్నాడని అమ్మ దిష్టి తీసింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం అమ్మ పొయ్యి ముందు కూర్చుని విసుక్కుంటోంది. పప్పు ఉడకడం లేదు. కట్టెలు పచ్చివన్నది, బేళ్ళు పాతవన్నది. చిల్లగింజ అరగదీసి నీళ్ళ కడవలో కలిపింది. మా వైపు వంకనీళ్ళు మడ్డిగా ఉన్నప్పుడు ఆ గింజ రాయి మీద అరగదీసి కలిపితే మన్ను అడుక్కు దిగి నీళ్ళు తేటపడతాయి. కానీ మా బావి నీళ్ళు ముందే తేటగా ఉన్నాయి. దిగడానికి అందులో మన్నే లేదు. పప్పు మాత్రం పలుకుగానే ఉండిపోయింది.

మర్నాడు తెల్లారి అవ్వ నన్ను బావి దగ్గరికి తీసుకుపోయింది. మొదటి చెంబు ఎప్పుడూ ఆమే తాగేది. తాగింది. మళ్ళీ తాగింది. చెంబు నాకు అందించింది.

"నువ్వు చూడమ్మీ. నా నాలిక ముసిల్దయి పోయినట్టుండాది."

నేను తాగాను. "ఉప్పగా ఉండాయవ్వా" అన్నాను. అవ్వ చప్పున తన అరచేయి నా నోటికి అడ్డం పెట్టింది. ఆ చేతికి పసుపు వాసన. కడవలతో వచ్చే ఆడవాళ్ళ మాటలు అప్పటికే బాట మీద వినబడుతున్నాయి. "ఎవురితో అనాకు" అంది చెవిలో. నేను అనలేదు. ఆ రోజునుంచి మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

పట్నంలో కాలేజీ చదివే మా చిన్నాయన సెలవులకు ఇంటికొచ్చాడు. ఆయన ఒక గుక్క తాగి రెండు ఇత్తడి తట్టలు అడిగాడు. ఒకదాంట్లో మా బావి నీళ్ళు, ఇంకొకదాంట్లో దూరాన వంక ఇసుకలో తోడిన చెలమ నీళ్ళు పోసి మిద్దె మీద ఎండలో పెట్టాడు. కాకులు ముట్టకుండా నేను కాపలా కూర్చున్నాను. ఎండకు నీళ్ళు రెండు తట్టల్లోనూ ఎగిరిపోయాయి. చెలమ నీళ్ళ తట్టలో లేత మరక మిగిలింది. మా బావి తట్ట అడుగంతా తెల్లగా పూసింది. గోటితో గీరి నాలుక మీద వేసుకున్నాను, ఉప్పు, చేదు.

"చిల్లగింజ ఎందుకు పనిచేయలేదబ్బీ?" అని అమ్మ అడిగింది.

"మన్నయితే నీళ్ళల్లో ఉన్నా వేరుగానే ఉంటాది వదినా. గింజ దాన్ని పట్టి అడుక్కు దించుతాది. ఉప్పు అట్ల కాదు. కరిగిందంటే నీళ్ళల్లో కలిసి కనపడకుండా పోతాది. గుడ్డలో వడగట్టినా రాదు, గింజకు చిక్కదు. నీళ్ళు ఎగిరిపోతేనే అది బయటపడేది" అన్నాడు చిన్నాయన. తర్వాత మా నాయన వైపు తిరిగాడు. "భూమి అడుగున ఉండేది ఉప్పునీళ్ళేనన్నా. వాననీళ్ళు ఇంకి దాని మీద నిలబడినాయి. కపిలతో పైపైన తోడుకుంటా బతికితిమి. ఇంజను ఆ మీదివన్నీ లాగేసింది. ఇప్పుడు అడుగువి పైకొస్తాండాయి. ఆపెయ్యన్నా."

మా నాయన తెల్లగా పూసిన తట్ట వైపు చూశాడు. "ఇంకొక్క తడి" అన్నాడు. "ఈ తడి ఇస్తే మొక్కలు నిలదొక్కుకుంటాయిరా. ఆమీదట ఆపేస్తా."

అవ్వ అక్కడే ఉంది. తాత మాట ఆమె ఆ రోజు తలవలేదు. రోజూ తలిచే మాటను ఆ ఒక్కరోజు మింగేసింది. కొడుకు మొహం చూసి నోరు రాలేదేమో. నాయన ఆ తడి ఇచ్చాడు. దాని తర్వాత ఇంకొకటి. చిన్నాయన అన్నతో మాట్లాడ్డం మానేసి సెలవులు అయిపోకముందే వెళ్ళిపోయాడు. చివరికి చీనీ ఆకుల అంచులు కాలినట్టు ఎర్రబారి రాలడం మొదలయ్యాక నాయన ఇంజను ఆపాడు. అప్పటికి బావిలో తీపి మిగల్లేదు. వాన పడితే కదా మళ్ళీ ఊరేది!

ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే మా నాయనను తినేసింది. గొడవకొస్తారని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. రోజూ మామూలుగా కడవలతో వచ్చేవాళ్ళు, ముంచుకునేవాళ్ళు, పోయేవాళ్ళు. నాయన గట్టు మీద కూర్చుని బావిలోకి చూసేవాడు. అమ్మ కలిపి పెట్టిన ముద్ద కంచంలోనే ఎండిపోయేది.

సంతలో ఎవరో చెప్పారట, ఉసిరి మాను మొద్దులు వేస్తే ఉప్పుబావి తీపెక్కుతుందని. ఆ నమ్మకం మా సీమలో ఉన్నదే. మా నాయన బండి కట్టుకుని నల్లమల దాపున ఆత్మకూరు దిక్కుకు పోయాడు. మేం రోజూ బాట వైపు చూశాం. ఎండకు నల్లబడి, పెదవులు పగిలి వచ్చాడు. బండి నిండా ఉసిరి మొద్దులు, ఒక గోతంలో ఎండు ఉసిరికముక్కలు. మొద్దులకు పసుపు రాసి, తాళ్ళు కట్టి బావిలోకి దింపారు. ఊరు ఊరంతా వచ్చింది. ఆ నీళ్ళు కొన్నాళ్ళు కషాయం రంగుకు తిరిగాయి, వగరు వాసన వేశాయి. అంతే. రుచి చూసిన అవ్వ నా మొహం చూసింది. నేను అవ్వ మొహం చూశాను.

మర్నాడు తెల్లారి అవ్వ ఎండు ఉసిరికముక్కలు పళ్ళెంలో పోసి, కుంకుమ చల్లి, నా చేతికిచ్చి గట్టు మీద నిలబెట్టింది.

"గంగమ్మ పెసాదమని చెప్పు. తలా ఒక ముక్క పెట్టు. అది నమిలినాకే నీళ్ళు తాగమను."

"ఎందుకవ్వా?"

"చెప్పింది చెయ్యే."

మొదటి ముక్క అవ్వ తన చేత్తో మా నాయనకే పెట్టింది. ఆయన కళ్ళకద్దుకుని నమిలి, చెంబుతో నీళ్ళు తాగాడు. చెంబు దించాడు. మళ్ళీ తాగాడు. "అమ్మా" అన్నాడు, "తియ్యగా ఉండాయే!" ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తలా ఒక ముక్క తీసుకుని నమిలి తాగారు. పక్కింటి వదిన, అప్పుడు కడుపుతో ఉంది, ముందుకొచ్చి, "అవును మామా, తియ్యగానే ఉండాయి" అంది. ఆ రోజు మా నాయన కడుపు నిండా తిన్నాడు. అమ్మ వంటింట్లో ఏడ్చింది, సంతోషంతోనో, మరి దేనితోనో.

ఆ తర్వాత అవ్వ ఆపలేకపోయింది. రోజూ పొద్దున పళ్ళెం, కుంకుమ, ముక్కలు. నేను దేవుడి పేరు చెప్పి పంచేదాన్ని. నాయన రోజూ ముందు నిలబడి తీసుకునేవాడు. మంచి మనిషి, దేన్నయినా నమ్మితే నిండా నమ్మే మనిషి. పొద్దున ప్రసాదం తీపి పోయాక రోజంతా తాగే నీళ్ళు ఉప్పగా తగలలేదా అంటే, తగిలే ఉంటుంది. ఆ గోతంలోంచి గుప్పెడు ముక్కలు రుమాల్లో మూటకట్టుకుని చేనికి పట్టుకుపోయేవాడు. దాహమైతే గంగమ్మను తలుచుకుని ముందు ఒక ముక్క నోట్లో వేసుకునేవాడు.

ఒకరోజు వదిన తల మీద కడవ కింద పెట్టుకునే తన చుట్టకుదురు గట్టు మీద మరిచిపోయింది. ఇద్దామని వెంట పరుగెత్తాను. మా చేను దాటి బాట తిరిగే చోట రేగుకంప కంచె ఉంది. దాని వెనక ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఎవరి కడవలు వాళ్ళు వంచి, మా బావిలో ముంచిన నీళ్ళను నేల మీద పారబోస్తున్నారు. ఖాళీ కడవలు చంకలో పెట్టుకుని ఇళ్ళకు పోతున్నారు. ఆ నేలంతా తెల్లగా ఉంది. నల్లరేగట్లో పెద్ద చాపంత మేర, మిద్దె మీది తట్టలో పూసినట్టే పూసి ఉంది.

వదిన నన్ను చూసింది. కడవ కింద పెట్టి, పొట్ట మీద చేయి వేసుకుని, ఆయాసపడుతూ నా దగ్గరికి వచ్చింది.

"వదినా, మరి మీరు ఏం నీళ్ళు తాగుతాండారు?"

"కోడి కూయకముందే పోయి వంకలో చెలమ తోడుకొస్తాండాం లేమ్మీ."

"అంత దూరమా? మళ్ళ మా బాయికెందుకు వస్తారు?"

"రాకుంటే మీ నాయన అన్నం తింటాడా?" అంది వదిన. నా చేతిలోంచి చుట్టకుదురు తీసుకుంది. "మీ అవ్వకు చెప్పాకు. పాపం ముసిలామె. మీ నాయనకు అస్సలు చెప్పాకు."

అవ్వ చెప్పొద్దన్నది వాళ్ళకు. వాళ్ళు చెప్పొద్దన్నది అవ్వకు. రెండూ మోసుకుని నేను తిరిగాను. రాత్రి అన్నం దగ్గర నాయన నవ్వుతూ మాట్లాడితే నేను తల వంచుకుని కంచంలోకి చూసేదాన్ని. వదిన పొట్ట పెరుగుతోంది. ఆ మనిషి చీకట్లో వంకకు పోయి, కడవ ఎత్తుకుని వచ్చి, ఇంట్లో దించి, మళ్ళీ మా బావికి వచ్చి, మళ్ళీ ఎత్తుకుని కంచె దాకా మోస్తోంది. అదంతా మా నాయన ఒక పూట అన్నం తినడానికి. పళ్ళెం పట్టుకుని నిలబడి ఆమె చేతిలో ముక్క పెట్టేటప్పుడు నేను ఆమె కళ్ళలోకి చూడలేకపోయేదాన్ని. ఎక్కడైనా జారి పడితే? ఆ మాట నాయనకు చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఆయన గట్టు మీది రాతిని తుడిచి పసుపు పూస్తూ ఉండేవాడు. చెప్పలేకపోయేదాన్ని.

మా ఇంట ఒక కోడెదూడ ఉండేది. దానికి ఉప్పు పిచ్చి. ఒకసారి కంచె వెనక తెల్లమన్ను రుచి మరిగాక తలుగు తెంపుకుని అక్కడికే పోయేది. సాయంత్రాలు దాన్ని కట్టేసే పని నాది. ఆ రోజు ముడి వదులుగా వేశానో, అది తెంపుకుందో, ఇన్నేళ్ళయినా నేను తేల్చుకోలేకపోతున్నాను. వదులుగానే వేశాననిపిస్తుంది. దూడ కనబడకపోయేసరికి నాయన కర్ర తీసుకుని వెతకబోయాడు. నేను వెంట పోయాను.

దూడ కంచె వెనక మోకాళ్ళు వంచి నేల నాకుతోంది. నాయన దాన్ని అదిలించబోయి ఆగిపోయాడు. వంగాడు. చిటికెడు మన్ను తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. చుట్టూ తడి మన్నులో అడుగుల గుర్తులు, కడవలు ఆనించిన గుండ్రటి గుర్తులు. ఆయన వాటి మధ్య అలా గొంతుక్కూర్చున్నాడు. ఆ మన్ను అరచేతిలో నలుపుతూ, "ఇంత ఉప్పు తేలాలంటే ఎన్ని కడవలు మోసింటారు?" అన్నాడు. నన్ను కాదు అడిగింది. నేను ఏడుస్తూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున అవ్వ మామూలుగానే పళ్ళెం నా చేతిలో పెట్టింది. ఆడవాళ్ళు వచ్చారు. నాయన పళ్ళెం వైపు చూడలేదు. చెంబు ముంచి, ఉత్త నోటితో, అందరూ చూస్తుండగా ఎత్తి పోసుకున్నాడు. మింగుతుంటే గొంతు ముడి కదలడం నాకు కనిపించింది.

"శానా ఉప్పగా ఉండాయి" అన్నాడు.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు, ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని. ఎవరైనా తిడతారేమోనని. అప్పుడు వదిన బరువుగా ఒక అడుగు ముందుకేసి, నా పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

"మాకేం తెలుస్తాది మామా? మేం దినామూ పెసాదం తిని తాగుతాంటిమి గదా. మాకు తియ్యగానే ఉండాయి."

మా నాయన గట్టు మీద కూలబడ్డాడు. తాత చేత్తో పేర్చిన ఆ రాళ్ళ మీద, ఊరి ఆడవాళ్ళందరి ముందూ, మొహానికి తలగుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కొంతసేపటికి లేచి, "అమ్మా, ఇంక ఎవురూ ఈ బాయికి రావాకండి" అని చెప్పి, బండి కట్టి, ఇంట్లో ఉన్న బానలన్నీ ఎక్కించుకుని వంకకు పోయాడు. వానలు పడేదాకా ఊరికి చెలమనీళ్ళు తోలే ఆ పని మానలేదు. మొదటి బాన వదిన ఇంటి ముందు దించేవాడు. ఆమెకు పురుడు సులువుగానే జరిగింది. జరక్కపోయుంటే మా నాయన ఏమైపోయేవాడో!

చీనీ మొక్కలు పొయ్యిలోకి పోయాయి. ఇంజను చేలో తుప్పు పట్టింది. వానలు పడ్డాక కూడా బావిలో పూర్వపు తీపి రాలేదు, పప్పు ఏదో ఉడికీ ఉడకనట్టు ఉడికేది. మా నాయన ఆ ఏటినుంచి ఉప్పు మానేశాడు. అమ్మ ఆయన వాటా పులుసు వేరే గిన్నెలోకి తీసి, మిగిలినదాంట్లో ఉప్పు వేసేది. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఊళ్ళో ఒక్కరు వచ్చి మా గడప ముందు నిలబడి తిట్టి ఉంటే ఆయన మళ్ళీ ఉప్పు తినేవాడేమో. నాకూ ఇంత బరువు ఉండేది కాదేమో. వాళ్ళు తిట్టలేదు. మా కోసం నీళ్ళు మోసి పారబోశారు.

మనవరాలు ఆటకు పోయాక ఒళ్ళో ఉన్న కాయల్లోంచి ఒకటి తీసి కొరికాను. ఇన్నేళ్ళకు ఆ వగరు. గ్లాసు ఎత్తి ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాను. నాలుక మీద తీపి మొదలవుతుండగానే వదిన గొంతు వినబడింది, "తియ్యగానే ఉండాయి మామా" అని. నేను ఆ గుక్క మింగలేకపోయాను. లేచి పోయి ఉమ్మేసి, నోరు బాగా పుక్కిలించి, మళ్ళీ కూర్చుని కొంతసేపు ఆగాను. తీపి పోయేదాకా ఆగి, అప్పుడు తాగాను.

ఉత్త మంచినీళ్ళు. ఉప్పూ లేదు, తీపీ లేదు. మా తాత ఊరికి ఇస్తానన్నవి ఇలాంటి నీళ్ళే.